పెదాల మాట

మిల్లులో మాట్లాడుకోవడానికి గొంతు పనికిరాదు. మగ్గాలు నడుస్తుంటే పక్క మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా గాలి తగులుతుందే తప్ప మాట తగలదు. అందుకని నేతశాలలో ఆడవాళ్ళంతా పెదాలతోనే మాట్లాడుకునేవాళ్ళు. గొంతు పూర్తిగా మానేసి, పెదాలు కాస్త సాగదీసి, ముఖమంతా ఆడిస్తూ మాట్లాడితే ఆ చివరి మగ్గం దగ్గరున్న మనిషి ఈ చివరి మాటను కళ్ళతో అందుకునేది. ఎవరింట్లో ఏం కూర, ఎవరి మొగుడు అలిగి పడుకున్నాడు, ఎవరి కూతురికి సంబంధం కుదిరేలా ఉంది, అన్నీ ఆ హోరులోనే నడిచిపోయేవి. సూపర్‌వైజరు మీద జోకులు ఆయన భుజం మీదుగానే వెళ్ళి అవతల నవ్వులై పేలేవి. పాపం ఆయన ఆఫీసు నుంచి వచ్చినవాడు. ఆడవాళ్ళు ఏదో నములుతున్నారనుకుని, పనివేళల్లో తినుబండారాలు నిషేధం అని బోర్డు కూడా పెట్టించాడు.

పేర్లు కూడా అక్కడ పనికిరావు. పిలిస్తే వినపడదు కదా. ఒక్కొక్కరికీ ఒక్కో సైగ పేరు ఉండేది. మన కథలో మనిషి చెవులపిల్ల. పెళ్ళయిన కొత్తలో, మొట్టమొదటి రోజు నేతశాలలో అడుగు పెట్టగానే ఆమె రెండు చెవులూ అరచేతులతో మూసుకుని గోడకి అతుక్కుపోయింది. ఆ రోజు నుంచి ఆమెను పిలవాలంటే అందరూ రెండు చెవులూ మూసుకుని చూపించేవారు. ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక కూడా ఆమె పిల్లగానే మిగిలిపోయింది.

ఆ రోజు గోడ దగ్గర నుంచి ఆమెను చెయ్యి పట్టుకుని మగ్గం దగ్గరికి నడిపించింది ఆడపడుచు, మొగుడికి సొంత అక్క. ఆమె గడ్డం మీద పెద్ద పుట్టుమచ్చ ఉంది. గడ్డానికి వేలు ఆనిస్తే ఆమె పేరు. చెవులపిల్లకు మాత్రం ఆమె వదిన, అంతే. పోగు ముడెయ్యడం, అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు కండె మార్చడం, ఆ తర్వాత పెదాలు చదవడం, మూడూ వదినే నేర్పింది. పెదాలు చదవడంలో వదినని మించినవాళ్ళు లేరు. వీధి అవతలి మేడ మీద మొగుడూపెళ్ళాలు పోట్లాడుకుంటే, ఇవతల నిలబడి ఇద్దరి మాటలూ పొల్లుపోకుండా వినిపించేది.

"చెవులు పోతాయేమో వదినా," అని చెవులపిల్ల ఆ రోజుల్లో బెంగపడితే, "పోతే పోనీవే, కళ్ళున్నాయిగా," అని నవ్వేది.

అన్నట్టే వదిన చెవులు పోయాయి. ఒక్కరోజున పోలేదు. కుళాయి చప్పుడు ముందు పోయింది, తర్వాత పిట్టలు, ఆ తర్వాత మనుషులు. వదిన దాన్ని కూడా వేళాకోళంలోకే దించింది. "మా తమ్ముడి గురక పోయింది చూడు, అదొక్కటి చాలు, మిల్లు నాకు చేసిన మేలు," అనేది.

పెదాలతో మాట్లాడటం అలవాటైపోయి వాళ్ళు ఇంటి దగ్గర కూడా అలాగే మాట్లాడుకునేవారు. గొంతు వాడేది పరాయివాళ్ళతో. పాలవాడితో, దుకాణం వాడితో, ఆఫీసు వాళ్ళతో. పెదాలు తెలిసిన ఇద్దరి మధ్య ఒకరు గొంతెత్తారంటే వాళ్ళ మధ్య ఇక ఏమీ లేదనే అర్థం. ఒకసారి నేతశాలలో ఇద్దరికి చెడింది. అందులో ఒకావిడ రెండో ఆవిడతో ఆ హోరులోనే, ఒక్క ముక్క కూడా వినపడదని తెలిసీ, నోరు సరిగ్గా తెరవకుండా గొంతుతో మాట్లాడేది. మామూలు మాటలే, కండెలు అయిపోయాయనో, భోజనం గంట అయిందనో. రెండో ఆవిడ నాలుగు రోజులు చూసి వేరే వరసకి మార్పించుకుని వెళ్ళిపోయింది. బూతులు తిడితే పడి ఉండేదేమో.

చెవులపిల్ల మొగుడికి పెదాల మాట రాదు. అతను ఒకప్పుడు ఇంటి ముందు గదిలో చేతిమగ్గం నేసేవాడు. మంచి పనివాడు, నెమ్మదైన మనిషి. మిల్లుగుడ్డ బజారుకొచ్చాక అతని గుడ్డ మడత విప్పి చూసేవాళ్ళే లేకపోయారు. "మిల్లుగుడ్డ నాలుగు ఉతుకులకి చిరిగిపోతుంది," అని అతను అనేవాడు. నిజమే, చిరిగేది. చిరిగాక జనం వెళ్ళి ఇంకోటి కొనుక్కునేవారు. చివరికి అతనే మగ్గం విప్పదీసి, దూలాలన్నీ గోడకి ఆనించి, పైన గోనెపట్టా కప్పాడు. పెళ్ళానికీ అక్కకీ ఉద్యోగాలు కాబట్టి కంపెనీ వాళ్ళిద్దరికీ పక్క పక్కనే చెరో గదీ ఇచ్చింది. పనున్నంత కాలమే గది. దూలాలు కూడా ఆ గదికే వచ్చాయి. అతను వంట నేర్చుకున్నాడు, పిల్లల జడలు వెయ్యడం నేర్చుకున్నాడు. జడలు మాత్రం భలే వేసేవాడు, నేతగాడి చేతులు మరి.

"మీరిద్దరూ చేపల్లా అలా నోళ్ళాడిస్తుంటే నాకు పిచ్చెక్కుతుందే. కాస్త నాకూ వినపడేలా మాట్లాడండి," అని అతను మొత్తుకునేవాడు.

"నీకు వినపడితే మాకు మాట్లాడుకోవడానికి ఏం మిగుల్తుందిరా?" అనేది వదిన, అతనికోసం గొంతు విప్పి. చెవిటిది కదా, ఆ గొంతుకి వీధి చివరి కుక్క లేచి నిలబడేది.

ఒక విషయం చెవులపిల్ల ఎవరికీ చెప్పలేదు, వదినకి కూడా. మొగుడు మగ్గం నేసే రోజుల్లో దువ్వెన కావాలన్నా అతన్ని అడగాలి, అతను వాళ్ళ నాన్ననడగాలి, ఆయన దగ్గి, గొంతు సవరించుకుని, చూద్దాంలే అనాలి. ఇప్పుడు సాయంత్రం ఆమె ఇంటికొస్తే మొదటి కంచం ఆమెకే పెడతారు. పిల్లకి ఏం కావాలన్నా "అమ్మొచ్చాక అడుగు" అంటాడు మొగుడు. మొదటి జీతంతో ఆమె ఒక నిలువుటద్దం కొనుక్కుంది. ఎవరినీ అడగకుండా కొంది. అద్దంలో మొహం పెద్దగా చూసుకునేది కాదు, కానీ అది గోడకి ఉందన్న సంగతి ఆమెకి రోజంతా తెలుస్తూ ఉండేది.

ఆ ఏడు కంపెనీ కొత్త మగ్గాలు తెప్పించింది. వాటికి నాడె లేదు, కండె మార్చే పని లేదు. పోగు తెగితే వాటంతట అవే ఆగి గంట కొడతాయి. గంట విన్న మనిషి వెళ్ళి పోగు అతికించాలి. వరసకి ఒక్క మనిషి చాలు, తక్కినవాళ్ళు ఇంటికి. ఎవరు ఉండాలో కూడా కంపెనీయే తేల్చింది. వరసలో అందరికన్నా పాత మనిషికి మొదటి అవకాశం. కాకపోతే చెవులు పనిచెయ్యాలి, గంట వినాలి కదా. అంచేత అందరికీ చెవుల పరీక్ష. ఈ చెవులు ఎక్కడ పోయాయని మాత్రం పైనుంచి కిందిదాకా ఒక్కరూ అడగలేదు. అడిగితే ఆ మర్యాదస్తులే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

వరసలో పాత మనిషి వదిన. ఆమె తర్వాత చెవులపిల్ల.

నేతశాల ఆడవాళ్ళు తక్కువ వాళ్ళు కాదు. పరీక్ష ఎలా జరుగుతుందో మొదటి వరస వెళ్ళొచ్చాక కూపీ లాగేశారు. మిల్లు దవాఖానాలో చిన్న గది. మధ్యలో కుర్చీ. కుర్చీ వెనక పరీక్ష చేసే అబ్బాయి నిలబడి చిన్న గొంతుతో ఒక వాక్యం అంటాడు, కుర్చీలో మనిషి దాన్ని తిరిగి చెప్పాలి. ఒక్కటి తప్పినా ఇంటికే. గది ఇరుకు కాబట్టి వంతు కోసం కూర్చునే బెంచీ కుర్చీకి ఎదురుగా, గోడవారనే ఉంది. బెంచీ మీద చెవులున్న మనిషి ఒకతె కూర్చుని, ఆ అబ్బాయి అన్నది విని, గొంతు లేకుండా పెదాలతో అంటే చాలు. ఎదురుగా కుర్చీలో ఉన్న చెవిటిది చదువుకుని గట్టిగా అప్పజెబుతుంది. ప్రతి చెవిటిదానికీ ఒక నోరు కుదిరింది. నాకు నువ్వు నోరు, నీకు ఆవిడ నోరు అని పెళ్ళిపందిట్లో వడ్డనలు పంచుకున్నట్టు పంచుకున్నారు. రెండు వరసలు అయ్యేసరికి ఆ అబ్బాయి, ఇన్ని మిల్లులు తిరిగాను గానీ ఇంత చక్కటి చెవులు ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నాడట.

వాళ్ళ వరస వంతు మర్నాడనగా సాయంత్రం వదిన వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"రేపు నా నోరువి నువ్వే," అంది పెదాలతో.

"ఇంకెవరుంటారు వదినా."

"మరి ఆ మొహమేంటే, ఆముదం తాగినట్టు?"

చెవులపిల్ల తల దించుకుంది. వదిన ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది, తల దించుకుంటే మాట కనపడదు కదా. "ఇందులో దిగులు పడ్డానికేముంది? నాకు ఉంచితే మీరంతా నా గదికి వచ్చెయ్యండి. నీకు ఉంచితే నేను మీ గదికొచ్చి కూర్చుని తింటాను. ఎవరి జీతమైతే ఏం, పొయ్యి ఒక్కటేగా."

అని, ఇక ఆ సంగతి తేలిపోయినట్టు, గది నాలుగు మూలలూ చూస్తూ సామాను సర్దడం మొదలుపెట్టింది. "మీ మంచం నా కిటికీ కింద పడుతుంది. వాడి గిన్నెలకి అటక ఉంది. ఆ దూలాలు ఎవరికన్నా ఇచ్చెయ్యమను, చెదలు. అద్దం మాత్రం తేవద్దు, నా గదిలో ఉందిగా, రెండెందుకు?"

అప్పుడే చిన్నది బయటినుంచి వచ్చి, బడికి బూట్లు కావాలని తల్లి చెయ్యి పట్టుకుని ఊపింది. వదిన దాని పెదాలు కూడా చదివేసింది. దగ్గరికి లాక్కుని ముద్దుపెట్టుకుని, "అమ్మనెందుకే అడగడం? ఇకనుంచి అన్నీ అత్తనడుగు. అత్త కొంటుంది," అంది.

ప్రేమతోనే అంది. అందులో చెవులపిల్లకి ఏ అనుమానమూ లేదు. అయినా ఆ మాట ముల్లులా దిగింది. ఆ ముల్లు ఎక్కడ దిగిందో కూడా ఆమెకు తెలుసు. పాపిష్టి ఆలోచన అని తనని తాను తిట్టుకుంది. తిట్టుకుంటూనే గోడమీది అద్దం వైపు చూసింది.

పరీక్షలో ముందు చెవులపిల్ల కూర్చుంది. ఆమె చెవులు ఇంకా కొంత మిగిలున్నాయి. అన్నీ సరిగ్గా చెప్పింది. లేచి వచ్చి బెంచీ మీద కూర్చుంది. వదిన కుర్చీలోకి వెళ్ళింది. కూర్చుని ఒళ్ళో చేతులు పెట్టుకుని, బడిలో చేరిన పిల్లలాగా, మరదలి వైపే చూస్తూ నవ్వింది.

"తలుపు వేసి ఉంది," అన్నాడు వెనకనుంచి ఆ అబ్బాయి. చెవులపిల్ల పెదాలు అదే అన్నాయి.

"తలుపు వేసి ఉంది!" అంది వదిన. ఆ గొంతుకి అబ్బాయి ఉలిక్కిపడ్డాడు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి."

"నీళ్ళు చల్లగా ఉన్నాయి!"

అలా ఇంకొన్ని అయ్యాయి. ఆఖరుది మిగిలింది. అబ్బాయి గొంతు ఇంకాస్త తగ్గించి, "వాన వెలిసింది," అన్నాడు.

చెవులపిల్లకి స్పష్టంగా వినపడింది. వినపడలేదని తర్వాత ఎన్నిసార్లు అనుకోబోయినా లాభం లేకపోయింది, అంత స్పష్టంగా వినపడింది. ఆ క్షణంలో ఆమెకి వదిన గది కనపడింది. కిటికీ కింద తమ మంచం, అటక మీద తమ గిన్నెలు, గుమ్మంలో నిలబడి అత్తా, బూట్లు అని అడుగుతున్న పిల్ల. ఆ వెనక తనూ నిలబడి ఉంది, తన వంతు అడగడానికి.

ఆమె పెదాలు, "వాన మొదలైంది," అన్నాయి.

"వాన మొదలైంది!" అంది వదిన హుషారుగా.

అబ్బాయి మంచివాడు. ఇంత దూరం వచ్చి ఆఖర్న తప్పడం ఏమిటనుకున్నాడో ఏమో, గొంతు సవరించుకుని ఇంకోసారి అన్నాడు. "వాన వెలిసింది."

మొదటిసారి నోరు జారిందని చెప్పుకోవచ్చు. మనిషన్నాక జారుతుంది. రెండోసారికి ఆ సాకు లేదు. వదిన కళ్ళు ఆమె ముఖం మీదే ఉన్నాయి. చెవులపిల్ల పెదాలు తొణక్కుండా బెణక్కుండా, ఒక్కొక్క అక్షరాన్నీ తీర్చిదిద్దినట్టు, "వాన మొదలైంది," అన్నాయి. బెంచీ మీద తక్కినవాళ్ళంతా వదిన వైపు చూస్తున్నారు. చెవులపిల్ల ముఖం చూసింది గదిలో ఒక్క ఆ అబ్బాయే. అతనికి పెదాల మాట రాదు.

బయట వసారాలో వదిన ఆమె భుజం పట్టుకుని ఆపింది. "ఏమన్నాడే అతను?"

"వాన వెలిసింది అన్నాడు వదినా."

"నువ్వు అదే అన్నావా?"

"అదే అన్నాను."

వదిన కాసేపు ఆమె నోటివైపే చూసింది. అనుమానంతో కాదు, ఎక్కడో పారేసుకున్న వస్తువు కోసం చూసినట్టు. "నాకు మధ్యలో 'మ' అన్నట్టు పెదాలు రెండూ కలిసినట్టు కనపడ్డాయే. రెండుసార్లూ కలిసినట్టే కనపడ్డాయి," అంది. తర్వాత నుదురు కొట్టుకుని నవ్వేసింది. "అయితే చెవుల పని అయింది, ఇప్పుడు కళ్ళ వంతన్నమాట. ముసలిదాన్నయిపోయానే పిల్లా." చెవులపిల్ల కళ్ళనిండా నీళ్ళు తిరిగితే కొంగుతో వదినే తుడిచింది. "ఏడుపెందుకు? బయటికి పోలేదుగా, నీకొచ్చింది. పొయ్యి ఒక్కటే అన్నానా లేదా?"

నెల తిరక్కుండా కంపెనీ వదిన గది ఖాళీ చేయించింది. తమ్ముడు గోనెపట్టా తీసి, మగ్గం దూలాలు కోసి అక్కకి మంచం చేశాడు. వదిన ఆ మంచం మీద కూర్చుని, "మా నాన్న మగ్గం మీద పడుకోవడానికి నేనేం పుణ్యం చేశానో," అని వేళాకోళం ఆడింది. ఇంట్లో అదే ఆమె ఆఖరి వేళాకోళం.

మొదట్లో, "ఇంకోసారి చెప్పు," అనేది. ఎవరు ఏం చెప్పినా మళ్ళీ చెప్పమనేది. చెప్పినదాన్ని ఆమె మొదటిసారే సరిగ్గా చదివిందని చెవులపిల్లకి ఆమె ముఖంలో కనపడేది. అయినా వదిన నమ్మేది కాదు. మూడోసారి చెప్పించుకుని, ఇంకా సందేహంగానే తలాడించేది. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. అడిగి అడిగి జనాన్ని విసిగిస్తున్నానని అనుకుంది కాబోలు. బజారుకెళ్ళడం తగ్గించింది. పాత మిల్లు స్నేహితులు వస్తే నిద్ర నటించేది. ఫుట్‌పాత్ మీద కళ్ళజోడు ఒకటి కొనుక్కుంది. దాంతో ఉన్న చూపు కూడా మసకబారింది గానీ, పెట్టుకోక మానలేదు. ఎప్పుడు చూసినా గోడవైపు తిరిగి కూర్చునేది. ఊరంతటి కబుర్లు కళ్ళతో తాగిన మనిషి అలా గోడని చూస్తూ కూర్చుంటే చెవులపిల్లకి ఆ ఇంట్లో ముద్ద దిగేది కాదు.

మిల్లులోనూ సుఖం లేదు. పొడుగాటి వరస, ఈ చివర నుంచి ఆ చివరికి ఆమె ఒక్కతే. పక్క వరస మనిషి ఎంత దూరంలో ఉంటుందంటే, పెదాలు కాదు కదా ముఖమే సరిగ్గా ఆనదు. గంట కొడితే పరుగు, గంట కొడితే పరుగు. రోజంతా ఒక్క మనిషితో ఒక్క మాట లేదు. ఈ మధ్య ఆ గంట కూడా ఒకప్పటంత గట్టిగా మోగడం లేదనిపించేది. గంట తగ్గిందో, చెవి తగ్గిందో. చెవుల పరీక్ష మళ్ళీ పెడతారని, ఇక ఏటేటా ఉంటుందని చెప్పుకుంటున్నారు. అప్పుడు తనకి నోరు ఎవరు? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆమె పోగు అతికించే పని మరింత జాగ్రత్తగా చేసేది.

ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి వదిన మోచేతికి కట్టు కడుతున్నాడు తమ్ముడు. గుమ్మం దగ్గర చితికిపోయిన కూరగాయల సంచీ పడి ఉంది.

"లారీ గీసుకుపోయింది," అన్నాడతను. "డ్రైవరు వెనక్కి తీసుకుంటున్నాడు లారీని. చిన్నది రోడ్డుకి ఇవతలే ఉంది. మీ భాషలో చెప్పిందట, జరగమని, వెనక లారీ ఉందని. అక్క దాన్నే చూస్తూ నిలబడింది గానీ జరగలేదు. ఇది పరుగెత్తి లాగింది కాబట్టి సరిపోయింది."

చిన్నది మూల నిలబడి ఎక్కిళ్ళు పెడుతోంది. "నేను చెప్పానమ్మా. అత్త ఇంకోసారి చెప్పమంది."

వదినకి వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో తెలిసినట్టుంది. తమ్ముడివైపు తిరిగి, ఆ పెద్ద గొంతుతో అంది. "దాన్నేమనకురా. జరగమన్నట్టే కనపడింది. చూసింది నమ్మబుద్ధి కాలేదు. కళ్ళ డాక్టరు ఏం లేదు పొమ్మన్నాడు గానీ ఆయనకి తెలియదు. వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, కొయ్యమను, కోస్తే బాగవుతుందేమో. నా మరదలి పెదాలు ఒకటంటే నా కళ్ళు ఇంకోటి చూశాయిరా. అది అబద్ధం చెప్పే మనిషా?"

మొగుడు మందు కోసం దుకాణానికి వెళ్ళాడు. చిన్నది తన అక్క దగ్గర కూర్చోవడానికి బయట కుళాయి గట్టు మీదికి పోయింది. వదిన అలవాటు ప్రకారం గోడవైపు తిరిగింది. చెవులపిల్ల ఆమె వీపు వెనక నిలబడి, గొంతుతో, మామూలు గొంతుతో, "నేనే వదినా. నేనే తప్పు చెప్పాను," అంది. మాట సులువుగానే వచ్చింది. వదిన వీపు కదల్లేదు. వీపుకి ఏం వినపడుతుంది? చెప్పేశాను అన్న తేలిక ఒక్క క్షణం అనిపించి, ఆ వెంటనే తనమీద తనకే అసహ్యం వేసింది. మళ్ళీ అదే మోసం. బెంచీ మీద చేసిందీ ఇదే, వినపడని మనిషి ముందు తనకి కావలసిన మాట అనడం.

మంచం చుట్టూ తిరిగి వెళ్ళి, గోడకీ వదినకీ మధ్య నేలమీద మోకాళ్ళ మీద కూర్చుంది. పుట్టుమచ్చ దగ్గర చెయ్యి పెట్టి గడ్డం పైకెత్తింది. కళ్ళజోడు తీసేసింది.

"నావైపు చూడు వదినా," అంది పెదాలతో.

"నాకు సరిగ్గా కనపడదే..."

"కనపడుతుంది. ఆ రోజు కూడా కనపడింది. నువ్వు సరిగ్గానే చూశావు. అతను వెలిసింది అన్నాడు. నేను మొదలైంది అన్నాను. రెండుసార్లూ అన్నాను."

వదిన ఆమె నోటివైపు చూసింది. "ఇంకోసారి చెప్పు," అంది.

చెవులపిల్ల ఇంకోసారి చెప్పింది. ప్రతి మాటా విడివిడిగా, ఆ రోజు బెంచీ మీద తీర్చిదిద్దినట్టే తీర్చిదిద్ది చెప్పింది.

ముందు వచ్చింది సంతోషం. అదే చెవులపిల్లని చంపేసింది. వదిన ముఖం విప్పారింది, కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా మెరిశాయి. చటుక్కున తల తిప్పి కిటికీలోంచి బయటికి చూసింది. కుళాయి గట్టు మీద పిల్లలిద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. వదిన వాళ్ళ పెదాల వెంట తన పెదాలు కదుపుతూ చదివింది. నీ వంతు, కాదు నీ వంతే, నిన్న నేనే తోమాను. ఒక్క మాట కూడా తప్పిపోలేదు. కళ్ళు ఆమెకి తిరిగొచ్చాయి. నవ్వుతూ, ఆ మంచి వార్త చెప్పడానికే అన్నట్టు, మరదలి వైపు తిరిగింది. తిరిగి, ఆమెని చూసి, అప్పుడు అర్థం చేసుకుంది. నవ్వు ముఖం మీదనుంచి ఒక్కసారిగా పోలేదు, ఎటుపోవాలో తెలియక కాసేపు అక్కడే ఉండిపోయింది.

"ఎందుకే?" అంది పెదాలతో.

"అన్నీ నిన్నడగాల్సి వస్తుందని."

వదిన కోప్పడలేదు, ఏడవలేదు. కళ్ళజోడు అందుకుని, మడిచి, కిటికీ గూట్లో పెట్టింది. లేచి మంచం మీది దుప్పటి సరిచేసుకుంది. చెవులపిల్ల నేలమీదే కూర్చుని ఉంది. తిట్టమని, కొట్టమని, ఏదో ఒకటి అనమని పెదాలతో బతిమాలింది. వదిన ఆమె పెదాలవైపు చూడలేదు.

మొగుడు మందు తెచ్చాడు. చీకటి పడకముందే అందరూ భోజనాలకి కూర్చున్నారు. రోజూ గోడవైపు తిరిగి కంచం ఒళ్ళో పెట్టుకుని తినే వదిన ఆ రోజు అందరితోపాటు నేలమీద కూర్చుంది. ముఖంలో మళ్ళీ కళ వచ్చింది. చిన్నది పెదాలతో ఏదో కొంటెమాట అంటే మొదటిసారికే అందుకుని, పెదాలతోనే జవాబు చెప్పింది. పిల్ల కిలకిలా నవ్వింది.

"అక్క తేరుకుందే," అన్నాడు మొగుడు సంబరంగా. చెవులపిల్ల కంచంలోకే చూస్తోంది.

అప్పుడు వదిన ఆమెవైపు తిరిగింది. ముఖం ప్రశాంతంగా ఉంది. నోరు తెరిచి, గొంతుతో, పాలవాడితో మాట్లాడేటంత మర్యాదగా, పెద్దగా అంది.

"ఏమండీ, ఆ మంచినీళ్ళ చెంబు కాస్త ఇటిస్తారా?"

మొగుడు పొంగిపోయాడు. "హమ్మయ్య! ఇన్నేళ్ళకి మీరిద్దరూ నాకూ వినపడేలా మాట్లాడుకుంటున్నారు. రోజూ ఇలాగే మాట్లాడుకోండే," అన్నాడు.

చెవులపిల్ల చెంబు అందుకుని, రెండు చేతులతో వదినకి ఇచ్చింది.